చందువా చొక్కా

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. కంటికి కనిపించిన ప్రతిదాని మీదా నాలుగు లైన్లు కట్టాలి, కట్టకపోతే అన్నం సహించేది కాదు. మా ఇంటి గేటు మీద కట్టాను. కరెంటు పోయిందని కట్టాను, వచ్చిందని అంతకంటే పొడుగ్గా కట్టాను. ఇప్పుడు రాజాంలో ఒక కాలేజీలో పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతుకుతున్న మనిషిని. నాకు అలాంటి జబ్బు ఉండేదంటే మా స్టాఫ్ రూములో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే వాళ్ల ఖర్మ. ఆ జబ్బు ముదిరి ఒక ఊరి వల మీదికి వచ్చిన సంగతి చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

మాది సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి. తాతగారు ఇంటి అరుగు మీద పిల్లలకి సంగీతం చెప్పేవారు, నాన్న తెలుగు మాస్టారు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నాన్నకి సముద్రపు ఒడ్డున ఒక చేపలపల్లె బడికి బదిలీ అయింది. మా వంశంలో సముద్రానికి అంత దగ్గరగా కాపురం పెట్టినవాళ్లం మేమే మొదలు. ఎండుచేపల వాసన వస్తుందని అమ్మ ఒడ్డు వైపు కిటికీలన్నీ మూసేసింది. వాసన చుట్టూ తిరిగి వెనక కిటికీల్లోంచి వచ్చేది. అమ్మ అవి మూసి ఇవి తెరిచేది. అలా ఏడాది గడిచాక వాసనే అమ్మకి అలవాటు పడిందో, అమ్మే వాసనకి అలవాటు పడిందో గాని కిటికీలన్నీ బార్లా తెరుచుకున్నాయి.

నాకు మాత్రం మొదటిరోజే ఆ ఊరు తెగ నచ్చింది. మేం చేప ముట్టని వాళ్లం, దాని రుచేమిటో నాకు తెలియదు, కానీ పేర్లన్నీ నోటికొచ్చేశాయి. నేర్పింది నా క్లాసులోని పిల్ల. దాన్నందరూ నెత్తళ్లు అనేవారు (నెత్తళ్లంటే వేలెడంత సన్న చేపలు, పిల్ల కూడా అచ్చం అలాగే ఉండేది). పొద్దున్నే వల ఒడ్డుకి చేరగానే ఇద్దరం పరిగెత్తేవాళ్లం. పెద్దవాళ్లు చేపలు ఏరుకుని గంపలకెత్తాక ఇసుకలో మిగిలేవన్నీ మావి. నక్షత్రంలా అయిదు కాళ్ల జీవం, ముట్టుకుంటే పొట్టలో గాలి నింపుకుని ఉబ్బిపోయే చేప, ఇల్లు నెత్తిన పెట్టుకుని తిరిగే పురుగు. ఒకరోజు గాజుముద్దలా మెరుస్తున్నదాన్ని చేత్తో పట్టుకున్నాను. "ముట్టీకే, అది కరుస్తాది" అని నెత్తళ్లు అరిచేసరికే చెయ్యి వాచిపోయింది. రెండో చేత్తో దాని మీద కూడా నాలుగు లైన్లు రాశాను. ఆ కాలంలో నేను కట్టినవాటిలో నాకే బాగా నచ్చినది మాత్రం చందువా మీద కట్టినది. చందువా పళ్లెంలా గుండ్రంగా, వెండిలా తళతళలాడే చేప.

చందువా చందువా
నీళ్లలోన ఉన్నావా
తళతళా మెరిసేటి
చొక్కా ఎవరు కుట్టారు?

దీనికి జవాబు నాకు తెలియదు, అందుకే అక్కడితో ఆపేశాను. నెత్తళ్లు ఊరంతా తిరిగి దీన్ని అప్పజెప్పింది. అలా నా కీర్తి కూతల తాత చెవిన పడింది.

కూతల తాత అంటే నెత్తళ్లుకి సొంత తాత, మిగతా ఊరికి పెద్దవల కూత వేసేవాడు. ఈ కూత గురించి కాస్త చెప్పాలి. పెద్దవల తాడు ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవలో వలని అర్ధచంద్రంలా వేసుకుంటూ వెళ్లి, రెండో కొసని దూరంగా ఇంకోచోట ఒడ్డుకి తెస్తారు. అక్కడినుంచి రెండు జట్లు రెండు తాళ్లూ పట్టుకుని లాగాలి. ఇటువాళ్లు ఒక క్షణం, అటువాళ్లు ఒక క్షణం లాగితే వల వంకర తిరిగి చేపలు పోతాయి. అందుకని మధ్యలో ఒకడు నిలబడి పాడతాడు. అతను ఒక ముక్క అనగానే అందరూ "అయిలేసా" అని ఒక్కసారి లాగుతారు. ఒడ్డున పోయేవాళ్లెవరైనా వచ్చి తాడు పట్టొచ్చు, పట్టినవాళ్లకి గుప్పెడో దోసెడో చేపలు పెడతారు. (నేనూ పట్టేదాన్ని. నా వాటా నెత్తళ్లు పట్టుకుపోయేది. నాతో దాని స్నేహానికి అదీ ఒక కారణమే.) కూత బాగుంటే జనం చేరతారు, జనం చేరితే వల తొందరగా వస్తుంది.

గొడవంతా అక్కడే వచ్చింది. ఉత్తరంగా ఉన్న పక్కపల్లెలో ఒక కుర్రాడు కొత్త కూత మొదలుపెట్టాడు. హుషారైన వరస, నవ్వొచ్చే మాటలు. మా ఒడ్డున తాడు పట్టే జనంలో సగంమంది మెల్లగా అటు నడిచిపోయారు. కూతల తాతకి తిండి సహించలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన పాడుతున్నది ఒకటే పాట. ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, నాన్న కుర్చీ వేసినా కూర్చోకుండా, సూటిగా నాతోనే మాట్లాడాడు (గుంట అంటే అక్కడ పిల్ల).

"ఒలే పంతులు గారి గుంటా, నువ్వు పాటలు కడతావంట గదా. నాకొకటి కట్టి పెట్టు. ఆ ఉత్తరపోడి నోరు మూతపడిపోవాల."

"కడితే నాకేం ఇస్తావు తాతా?"

"ఏటి కావాల?"

నేను ఎప్పటినుంచో అనుకుంటున్నది ఒక్కటే. ఒడ్డునుంచి చూస్తే సముద్రం ఒకచోట రంగు మారుతుంది. ఇవతల మట్టిరంగు, అవతల నీలం. ఆ గీత దగ్గరికి వెళ్లి, పడవలోంచి వంగి లోపలికి చూడాలి. నాకు తెలిసిన చేపలన్నీ బతికుండగా, వాటి ఇంట్లో అవి తిరుగుతుండగా చూడాలి. అప్పటిదాకా నేను చూసినవన్నీ చచ్చినవో చావబోతున్నవో. వాటి మీద పాటలు కట్టడం నాకే బాగోలేదు.

"నన్ను పడవెక్కించాలి," అన్నాను.

తాత మొహం మాడింది. "ఆడగుంటలు పడవెక్కరాదు. ఎక్కితే వల కాళీగ వస్తాది."

"అయితే పాట లేదు."

తాత చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పాట పన్సెయ్యాల. పన్సేస్తే సూద్దారి," అన్నాడు. ఆ 'చూద్దాం'లో ఎంత దూరం ఉందో నాకు అప్పుడు తెలియలేదు.

పాట కట్టడం నాకు నిమిషం పని. చందువా ఉంది, దానికి పీతని, కవళ్లని, సొరచేపని చేరిస్తే సరిపోతుంది. అసలు ప్రమాదం నాన్న నుంచి వచ్చింది. కూతురి పాట ఊరంతా పాడబోతోందని తెలిశాక ఆయన ఆగలేకపోయారు. "నీళ్లలో ఉన్నావా ఏమిటమ్మా, నీళ్లు బిందెలోనూ ఉంటాయి. సాగరం అను. ఉత్తి సాగరం వెలితిగా ఉంది, ముందొక విశేషణం వెయ్యి," అన్నారు. వేశాను. ఆ విశేషణానికి తోడు ఇంకోటి వేశారు. అమ్మ వంటింట్లోంచి "అది లాగే పాట కదండీ" అంది గాని వినేదెవరు. సరే, తాతైనా వద్దంటాడనుకున్నాను. చిన్నప్పటినుంచి తాళ్ల మధ్య బతికిన మనిషి కదా. ఆయన నాన్నని మించిపోయాడు. ఒక్కో పాదం చెబుతుంటే కళ్లు మూసుకుని విని, "ఉత్తరపోడి పాట పొట్టిది. ఇంకో రెండు మాటలు తగిలించండి మాస్టారూ, బరువుండాల," అనేవాడు. చివరికి నా చందువా ఇలా తేలింది:

అనంత నీలాంబరమును ధరించిన సాగరమాత చల్లని ఒడిలో సదా ఆటలాడు వెండి వెన్నెల ముద్దవంటి అందాల చందువా ఓ చందువా

ఇదంతా ఒకే పాదం. తాత దీన్ని పగలూ రాత్రీ వల్లించాడు. ఊరంతా చెప్పాడు. పక్కపల్లెకి కూడా కబురు వెళ్లిపోయింది.

ఆ ఆదివారం పొద్దున ఒడ్డంతా జనం. పక్కపల్లె నుంచి కూడా వచ్చారు, ఆ ఉత్తరపు కుర్రాడితో సహా. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. పడవెక్కడం ఖాయమని అమ్మ నాకు కడుపునిండా పెరుగన్నం పెట్టి పంపింది. తాళ్లు రెండూ ఒడ్డుకి చేరాయి, రెండు జట్లూ సర్దుకున్నాయి. నేనూ నెత్తళ్లూ ఒక తాడు చివర నిలబడ్డాం. కూతల తాత మధ్యలోకి వచ్చి, తలపాగా సవరించుకుని, గొంతు ఎత్తాడు.

"అనంత నీలాంబరమును ధరించిన..."

జనం తాళ్లు బిగించి పట్టుకుని చూస్తున్నారు. ఎప్పుడు ఆపితే అప్పుడు లాగాలి. తాత ఆపడు. సాగరమాత వచ్చింది, ఒడి వచ్చింది, ఆట వచ్చింది. ఈలోగా కెరటం వెనక్కి వెళ్తూ వలని కూడా పట్టుకుపోతోంది. మా కాళ్లు ఇసుకలో జారుతున్నాయి. "వెన్నెల ముద్దవంటి" దగ్గర తాతకి ఊపిరి చాలక కాస్త ఆగాడు. అటు జట్టు వాళ్లు పాదం అయిపోయిందనుకుని "అయిలేసా" అని లాగారు. మా జట్టు ఇంకా చందువా కోసం ఎదురు చూస్తూ నిలబడింది. వల అటు తిరిగింది. తాత కంగారులో మళ్లీ మొదటికి వెళ్లి "అనంత" అన్నాడు. ఈసారి మేం లాగాం, వాళ్లు ఆగారు. వల ఇటు తిరిగింది. నాన్న మోకాలి లోతు నీళ్లలో దిగి, వేళ్లు మడుచుకుంటూ, "ఆపాల్సింది అక్కడ కాదు తాతా, విశేషణం తరవాత," అని అరుస్తున్నారు. అటువైపు తాడు పట్టుకున్న తాత పెళ్లాం, చేపలమ్మే మనిషి, గొంతు మొగుడి కంటే పెద్దది, ఇంక ఊరుకోలేకపోయింది.

"ఓరి ముసిలోడా, అది పాటేటి పురాణమేటి? మమ్మల్ని లాగమంతావా, కూకుని ఇనమంతావా? సెప్పు, కిందేసుకోడానికి సాపలు తెచ్చుకుంతాం."

జనం నవ్వారు. నవ్వితే చేతుల్లో పట్టు ఉండదు. తాడు జర్రున జారి సముద్రంలోకి పోసాగింది. ఉత్తరపు కుర్రాడు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. తాత మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే తాత కోసం సగం, పోతున్న పడవ కోసం సగం. ఏం చేస్తున్నానో తెలియకుండానే నా పాత పాట అరిచేశాను.

"చందువా చందువా"

"అయిలేసా" అంది నా పక్కన నెత్తళ్లు, అలవాటు కొద్దీ.

"నీళ్లలోన ఉన్నావా"

"అయిలేసా" అంది మా జట్టు, తాడు వెనక్కి వచ్చింది.

"తళతళా మెరిసేటి"

"అయిలేసా" అన్నాయి రెండు జట్లూ. "చొక్కా ఎవరు కుట్టారు" అనేసరికి తాత పెళ్లాం "మా ఊరి దర్జీ కుట్టినాడు" అని ఒక మాట విసిరింది, దానికీ అందరూ అయిలేసా అని లాగారు. నా దగ్గరున్న పాటంతా అంతే. తర్వాత ఏముంది? పీతమ్మా పీతమ్మా అన్నాను, పక్కకేల పోతావు అన్నాను. అవీ అయిపోతే ఉత్తి చేపల పేర్లు అరిచాను. కవళ్లు, సావళ్లు, నెత్తళ్లు (నా పక్కన నెత్తళ్లు "ఏటే" అంది), సొర, టేకు, కానాగంత. నా గొంతు పూర్తిగా పోయేసరికి కూతల తాత అందుకున్నాడు. నీలాంబరాన్ని ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలియదు, శుభ్రంగా చందువా చందువా అంటున్నాడు. ఉత్తరపు కుర్రాడు కూడా వచ్చి తాడు పట్టాడు.

వల ఒడ్డుకి వచ్చింది. అటూ ఇటూ తిరిగిన వల కదా, చేపలు అంతంతమాత్రం. కానీ వల సంచి మధ్యలో పెద్ద పీట అంత తాంబేలు ఒకటి ఉంది. ఒడ్డంతా చేతులు జోడించింది. తాంబేలు వలలో పడితే మా ఒడ్డున దాన్ని చేపల లెక్కలో చూడరు, కూర్మనాథుడే అంటారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పడవలో తీసుకెళ్లి కెరటాల అవతల వదలాలి. తాత పెళ్లాం ఇంటికి పరిగెత్తి పసుపూ కుంకుమా తెచ్చింది. నేను తాత దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"తాతా, పడవ."

"నాను పన్సేస్తే అన్నాను. మాస్టారి పాట పన్సేసినాదేటి? నువ్వరిసినావు, అరుపుకి నాను మాటివ్వనేదు."

ఇంక ఆగలేక ఇసుకలో కూలబడి ఏడ్చేశాను. తాత పెళ్లాం పసుపు గిన్నె పట్టుకుని వచ్చి మొగుడి ముందు నిలబడింది. "సిగ్గునేదేటి నీకు, సన్నపిల్లని ఏడిపిస్తావు? సామికి బొట్టెట్టి పంపీది ఎవులు, నువ్వా, సుట్ట కంపు నోరేసుకుని? గుడి కాడ పుట్టిన గుంట. ఈ గుంటే ఎట్టాల, ఈ గుంటే సాగనంపాల. పడవెక్కించు." ఆడపిల్ల పడవెక్కరాదన్న తాత, సామిని సాగనంపడానికైతే దోషం లేదని అప్పటికప్పుడు తేల్చేశాడు. నాన్న వైపు చూశాను. ఆయన తడిసిన ప్యాంటుతో తల ఊపారు.

నేను తాంబేలుకి బొట్టు పెట్టాను. అది నన్ను చూసింది. ముసలి కళ్లు, తడి కళ్లు. నలుగురు దాన్ని పడవలోకి ఎత్తారు, తాత నన్ను ఎత్తి దాని పక్కన కూర్చోబెట్టాడు. పడవ కదిలింది. మొదటి కెరటం మీదికి ఎక్కినప్పుడు నవ్వాను. రెండో దాని మీంచి దిగినప్పుడు నవ్వలేదు. మూడోదానికి పెరుగన్నం పడవ అంచు మీంచి నీళ్లలోకి పోయింది.

అక్కడినుంచి నేను చూసింది పడవ అడుగు చెక్కలు, తాత పాదాలు, అంతే. తాత నా జడ వెనక్కి పట్టుకుని, "ఒలే, సూడే, రంగు మారినాది, నువ్వడిగిన గీత ఇదే, తలెత్తు," అంటున్నాడు. తల ఎత్తితే మళ్లీ వస్తోంది. "సామి ఎల్తన్నాడే, సూడే," అన్నాడు. దభీమని చప్పుడు విన్నాను, మొహం మీద నీళ్లు పడ్డాయి. చేపల ఇల్లు చూద్దామని వెళ్లినదాన్ని, వాటికి నా భోజనం పెట్టి వచ్చేశాను. ఒడ్డుకి చేరాక నాన్న ఆత్రంగా "ఏం చూశావమ్మా?" అన్నారు. "అంతా నీలం నాన్నా, అనంత నీలాంబరం," అన్నాను. ఆయన పొంగిపోయారు. తాత మాత్రం నన్నే చూస్తూ, లోపల్లోపల ఏదో గొణుక్కుంటూ చుట్ట వెలిగించుకున్నాడు. ఆ మరుసటి వేసవిలో నాన్నకి మళ్లీ బదిలీ అయి చీపురుపల్లి వైపు వెళ్లిపోయాం.

కవిత్వం నన్ను తర్వాత కూడా చాన్నాళ్లు వదల్లేదు. పత్రికలకి పంపాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. వాటిలో ఒక్క లైను గుర్తున్న మనిషి ఇంతవరకు తగల్లేదు, మా ఆయనతో సహా. మెల్లగా నేనే మానేశాను. నిరుడు నెత్తళ్లు ఫోన్ చేసింది (ఇప్పుడది నెత్తళ్లులా లేదు, నేను నోరు జారి అలా పిలిస్తే దాని పిల్లలే నవ్వుతారు). "ఆదివారం మావోళ్లు పెద్దవల ఏస్తన్నారు. ఒకపాలి రాయే, నీ పాపని తే," అంది. తాత పోయి చాలా ఏళ్లయింది. వెళ్లాం. మా అమ్మాయికి నాకు అప్పుడున్నంత వయసే. ముగ్గురం తాడు పట్టుకున్నాం. మీసాలు సరిగ్గా రాని ఒక కుర్రాడు మధ్యలోకి వచ్చి కూత ఎత్తుకున్నాడు.

"చందువా చందువా"

ఒడ్డంతా "అయిలేసా" అంది. నా చేతులు తాడు మీద అలాగే ఉండిపోయాయి. నీళ్లలోన ఉన్నావా అన్నాడు. చొక్కా ఎవరు కుట్టారు అన్నాడు. మా ఊరి దర్జీ కుట్టినాడు అని కూడా అన్నాడు, అది కూడా పాటలో కలిసిపోయింది. కాస్త ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు "ఈ పాట ఎవరు కట్టారు బాబూ?" అని అడిగాను. "ఎవులూ కట్టనేదమ్మా, సముద్రం ఉన్నకాణ్నించీ ఉన్నాది," అన్నాడు. నాకు గర్వమేసింది, దాచడం దేనికి. అచ్చయిన పాటలన్నీ పోయి, తొమ్మిదేళ్ల పిల్ల కట్టిన నాలుగు లైన్లు ఇంతమంది నోట్లో ఉన్నాయి. మా అమ్మాయి వైపు వంగి చెవిలో చెప్పబోయాను, ఇది మీ అమ్మ పాటే అని. అప్పుడే కుర్రాడు ఆఖరి చరణం ఎత్తుకున్నాడు.

"పంతులు గారి గుంట"

"అయిలేసా"

"పడవెక్కి కక్కినాది"

"అయిలేసా"

"సొర తిన్నాది పెరుగన్నం"

"అయిలేసా"

నా పక్కన నెత్తళ్లు సముద్రం వైపే చూస్తోంది, భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి. చుట్ట వెలిగించుకుంటూ తాత ఆ రోజు గొణుక్కున్నది ఏమిటో నాకు ఇన్నేళ్లకి తెలిసింది. మా అమ్మాయి పడిపడి నవ్వి, "అమ్మా, ఎవరమ్మా ఆ గుంట?" అని అడిగింది. నెత్తళ్లు చెప్పడానికి నోరు తెరిచింది.

"ఎవరో పాపం, సముద్రం చూద్దామని సరదాపడిందిలే. మాటలాపి లాగండి," అన్నాను. తర్వాతి అయిలేసా అందరికంటే నేనే గట్టిగా అన్నాను.